కాయలదిబ్బ మీద బావి

నూజివీడు స్టేషనులో రైలు దిగినంత మాత్రాన నూజివీడు చేరినట్టు కాదు. ఈ సంగతి ముందుగా తెలిసినవారికి ప్రయాణం సుఖంగా ఉంటుంది. తెలియనివారు నాలాగే పెట్టె పట్టుకుని ప్లాటుఫారం మీద నిలబడి, ఊరెక్కడా అని నాలుగు వైపులా చూస్తారు. ఊరు అక్కడికి పది మైళ్ళ అవతల ఉంది. మరి స్టేషనుకు ఆ పేరెందుకు పెట్టారని టికెట్లు తీసుకునే గుమాస్తాను అడిగితే, "దగ్గర్లో ఇంతకంటే మంచి పేరు దొరకలేదండి" అన్నాడు.

నేను బెజవాడలో ప్లీడరును. ఎండాకాలంలో కోర్టులకు సెలవులిస్తారు గాని, సెలవులకూ మిగతా రోజులకూ నాకు పెద్ద తేడా కనిపించదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మొదటి మే నెలలో, కాలేజీలో నాతో ఒకే గదిలో ఉన్న వెంకటరత్నం దగ్గర నుంచి కార్డు వచ్చింది. వాడిప్పుడు వాళ్ళ ఊరి పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు. మంచినీళ్ళ బావి తవ్వడానికి ప్రభుత్వం డబ్బు మంజూరు చేసిందట. ఎక్కడ తవ్వాలో బోర్డు తీర్మానం చెయ్యాలి. నెలాఖరులోగా చెయ్యకపోతే ఆ డబ్బు మరో ఊరికి పోతుంది. "వచ్చి మావాళ్ళకి చట్టం చెప్పు. ఫీజు ఇచ్చుకోలేను. రసాలు పెడతాను" అని రాశాడు. నా కక్షిదారుల్లో ఇంత ఖచ్చితంగా మాట్లాడినవాడు అంతకు ముందు లేడు.

పొద్దున్నే బెజవాడలో బయలుదేరే ప్యాసింజరు ఎక్కితే ఎండ ముదరక ముందే దిగవచ్చు. స్టేషను పక్కనే హనుమాన్ జంక్షను. అక్కడి కాఫీ పాలున్న రోజున బాగుంటుందని విన్నాను. నూజివీడు బస్సు ఎనిమిదింటికన్నారు. తొమ్మిది దాటాక కదిలింది. యుద్ధం అయిపోయిన సంగతి ఆ బస్సుకు ఎవరూ చెప్పినట్టు లేదు, ఇంకా బొగ్గు గ్యాసు మీదే నడుస్తోంది. వెనక పీపాలో బొగ్గు రాజేసి క్లీనరు చక్రం తిప్పుతుంటే, బస్సు కాసేపు ఆలోచించి కదిలింది. మిట్ట రాగానే ఆగింది. అందరం దిగాం.

"దిగండి బాబూ, మొహమాటపడకండి. టిక్కెట్టు ఊరు చేరడానికేగాని కూచోడానిక్కాదు" అన్నాడు, తట్ట నెత్తిన పెట్టుకుని నా ముందు నడుస్తున్న పెద్దమనిషి.

మిట్ట ఎక్కాక మళ్ళీ నా పక్కనే కూర్చున్నాడు. నేను ప్లీడరునని తెలియగానే, "జమీందారీలు తీసేస్తారటగదండీ. మరి శిస్తు ఎవరికి కట్టాలంటారు?" అని అడిగాడు.

"ప్రభుత్వానికి."

"అంటే కట్టడం మటుకు తప్పదన్నమాట" అని తట్ట సర్దుకున్నాడు. నూజివీడు వచ్చేదాకా మళ్ళీ నన్ను చట్టం అడగలేదు.

పదకొండింటికి నూజివీడు. బస్సులు ఆగేచోటికి దగ్గర్లో ఒక పూటకూళ్ళమ్మ భోజనం పెడుతుంది. పెరుగన్నంలో పండు ముక్కలు కాక పండే వేస్తుంది, పిండుకోవడం మన పని. తెల్లచొక్కాలవారు జాగ్రత్త. వెంకటరత్నం పంపిన ఎద్దుబండి అక్కడికే వచ్చింది. బండితోలే నాగయ్య మితభాషి. చాట్రాయి దారిలో రెండు గంటల ప్రయాణం, రెండు వైపులా మామిడితోటలు. కాయల బరువుకు వంగిన కొమ్మలకు వెదుళ్ళు పోటు పెట్టారు.

ఊరి పేరు రాయను. పరువు నష్టం దావా వేస్తే నా తరఫున వాదించవలసింది నేనే, ఆ భయం కొంత ఉంది. ఊరికి రెండు ఫర్లాంగుల ఇవతల రోడ్డు పక్కన ఎత్తయిన బయలు ఒకటి ఉంది. కాయలదిబ్బ అంటారు. సీజనులో చుట్టుపక్కల తోటల కాయంతా ఇక్కడికే వస్తుంది. గడ్డి పరిచి పోస్తే, పల్లె నుంచి వచ్చిన ఆడవాళ్ళు పెద్దకాయ, చిన్నకాయ, దెబ్బకాయ ఏరి వేరుచేస్తారు. బెజవాడ షావుకారు మనుషులు గంపలకెత్తిస్తారు. తాటాకు పందిరి కింద ఒక నీళ్ళ బాన, ఒక కొబ్బరి చిప్ప. బండివాడు తాగాడు, కాయలేరే ఆమె తాగింది, జరీ కండువా ఆసామీ తాగాడు. నేనూ తాగాను.

"అందరికీ ఒకటే బానా?" అన్నాను నాగయ్యతో.

"రెండు బానలు పెట్టమంటే షావుకారు ఒప్పుకోడండి. తాగితే తాగండి, లేకపోతే ఎండలో పొండి అంటాడు. ఇది ఊరు కాదుగదండీ."

ఆ దారిలో నాగయ్య మాట్లాడిన పెద్ద మాట అదే.

మూడింటికి వెంకటరత్నం ఇల్లు చేరాను. వాడు ఫీజు ముందుగానే చెల్లించాడు. తొట్టి నీళ్ళలో చిన్నరసాలు వేసి పెట్టాడు. అవి తింటూ కేసు విన్నాను. చావిడి పక్కన పాత బావి ఒకటుంది. ఊరవతలి హరిజనపల్లె వాళ్ళు అందులో చేద వెయ్యకూడదు. గట్టు దూరాన కడవ పెట్టుకుని నిలబడితే ఎవరైనా పోస్తారు. కొత్త బావి కూడా ఊరి మధ్య తవ్వితే నీళ్ళు తొందరగా పడతాయి, కాని ప్రభుత్వపు డబ్బుతో తవ్వింది గనక చట్టప్రకారం అందరూ తోడుకోవచ్చు. అందుకని బోర్డులో ఎక్కువమంది పల్లెలో తవ్విద్దామంటున్నారు.

"మంచిదేగా" అన్నాను.

"పల్లెలో అంతా బండరా. ఇదివరకు ఒకసారి తవ్వి వదిలేశారు. ఆ గోతిలో ఇప్పుడు మేకలు పడుకుంటాయి."

"ఆ మాట బోర్డులో చెప్పలేదూ?"

"చెప్పాను. నీళ్ళు పడకపోతే అది భూమి తప్పుగాని బోర్డు తప్పు కాదన్నారు."

సాయంత్రం నన్ను కరుణమ్మ టీచరుకు అప్పగించాడు. ఆమె పల్లెలోనే పుట్టి, మిషను బోర్డింగులో చదివి, మళ్ళీ పల్లెకే వచ్చి బడి చెబుతోంది. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు. నన్ను వాగు దగ్గరికి తీసుకువెళ్ళింది. వాగంటే ఆ నెలలో ఇసకే. ఆడవాళ్ళు ఇసకలో చెలమలు తోడుకుని, ఊరిన నీళ్ళను గిన్నెతో ఎత్తి కడవలో పోసుకుంటున్నారు. ఒక కడవ నిండేసరికి నేను రెండు సిగరెట్లు కాల్చాను.

"చావిడి బావి దగ్గర ఎవరూ పొయ్యరా?" అని అక్కడ కూర్చున్న మరియమ్మ అనే ఆమెను అడిగాను.

"ఎందుకు పొయ్యరండీ, పోస్తారు. పోసేవాళ్ళకి తీరికుండాలిగా" అని చెలమలో గిన్నె ముంచింది.

కరుణమ్మ అంది: "ఈ డబ్బు పోతే మళ్ళీ ఎన్నాళ్ళకండీ? వచ్చే ఎండాకాలానికి ఈ చెలమ ఇంకా లోతు పోద్ది. మీరు రేపు ఏం చెబుతారు?"

"చట్టం స్పష్టంగా ఉందని చెబుతాను."

ఆమె నన్ను వదిలి మరియమ్మ కడవ ఎత్తడానికి వంగింది. చదువుకున్నవాడి ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం ఇష్టం లేకనో, నీళ్ళు దుబారా చెయ్యడం అలవాటు లేకనో.

మర్నాడు ఎనిమిదింటికి బడిలో సమావేశం. సభ్యులు బెంచీల మీద. పల్లెకు కేటాయించిన సీటు సభ్యుడు యాకోబు గుమ్మం దగ్గర, సగం లోపలా సగం బయటా. వెంకటరత్నం లోపలికి రమ్మన్నాడు. "ఇక్కడ గాలాడుద్దండి" అన్నాడు. బడి తాళం తనదే గనక కరుణమ్మ నల్లబల్ల పక్కన నిలబడింది. అందరికంటే పెద్ద తోటల ఆసామీ సుబ్బయ్యగారు. నిన్న కాయలదిబ్బ మీద కొబ్బరి చిప్పతో చూసిన జరీ కండువా ఆయనదే.

నేను లేచి చట్టం చెప్పాను. ప్రజల సొమ్ముతో తవ్విన బావి ప్రజలందరిదీ అన్నాను. మద్రాసులో శాసనసభ చేసిన చట్టం బెజవాడలో ఎంతో ఇక్కడా అంతే అన్నాను. అడ్డుపెట్టినవారికి శిక్ష ఉందన్నాను. కోర్టులో నేనెప్పుడూ అంత బాగా మాట్లాడలేదు. అవకాశం రాలేదు కూడా.

సుబ్బయ్యగారు శ్రద్ధగా విన్నారు. "బావి దగ్గర అడ్డుపెడితే శిక్ష. అంతేగదండీ?"

"అంతే."

"బావే లేకపోతే?"

"లేని బావి దగ్గర ఎవరూ అడ్డుపెట్టలేరు."

"అయితే డబ్బు తిప్పి పంపిద్దాం" అన్నారు ఆయన. బెంచీల మీద తలలు ఊగాయి. ఆయన మాటలో చట్టప్రకారం నాకు తప్పేమీ దొరకలేదు.

వెంకటరత్నం నా వంక చూసిన చూపు వర్ణించను. గుమ్మం దగ్గర యాకోబు తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. అప్పుడు కరుణమ్మ, "సుబ్బయ్యగారండీ, నేనొక మాటనొచ్చా?" అంది.

"బడి నీదేగా పంతులమ్మా. చెప్పు."

"బావి సంగతి కాదండి. మీ కాయ సంగతి. ఈ ఏడు లారీలు మైలవరం వైపు తోటలకి పోతున్నాయంటగదండీ?"

"పోతున్నాయి. ఏం?"

"కాయలదిబ్బ మీద ఇంజనులో పొయ్యడానికి నీళ్ళు లేవంటండి. బానలో నీళ్ళు లారీకి పోస్తే మనుషులకుండవు. మనుషులు తాగితే లారీకుండవు. అక్కడ నీళ్ళుంటే లారీ ఆగుద్ది. లారీ ఆగితే వేరే బేరగాళ్ళూ వస్తారు, షావుకారు ధర తగ్గించలేడు. నాకు తెలిసింది అంతేనండి."

ఒక సభ్యుడు నెమ్మదిగా, "అది ఊరు కాదుగా" అన్నాడు.

"ఊరు కాదు. రోడ్డు పోరంబోకు. బోర్డుదే" అన్నాడు వెంకటరత్నం.

"నీళ్ళు పడతాయా?" అన్నాడు ఆ సభ్యుడే.

"సుబ్బయ్యగారి తోట బావి ఆ పక్కనేగా. మొన్నటి కరువులో కూడా ఎండలేదు."

దిబ్బ మీద బావికి కూడా చట్టం అంతే వర్తిస్తుందని చెప్పడం నా ధర్మం అనిపించి నోరు తెరిచాను. వెంకటరత్నం నా కాలు తొక్కాడు. నోరు మూశాను.

సుబ్బయ్యగారు కండువా సర్దుకున్నారు. తరువాత బోర్డు గుమాస్తాతో, "నేను ప్రతిపాదించానని రాయవయ్యా" అన్నారు. బలపరచడానికి ఎవరూ తొందరపడలేదు. లారీలు వస్తే మొదట లాభపడేది సుబ్బయ్యగారే గనక మిగతావాళ్ళు తమ లెక్కలు వేసుకుంటున్నారు.

"నేను బలపరుస్తానండి" అన్నాడు యాకోబు గుమ్మం దగ్గర నుంచి. అనడానికి లేచి లోపలికి వచ్చాడు. వచ్చినవాడు తిరిగి గుమ్మం దగ్గరికి పోలేదు, బెంచీ చివర కూర్చున్నాడు. ఎవరూ జరగలేదు, ఎవరూ లేవలేదు. తీర్మానం నెగ్గింది.

భోజనం చేసి, రెండు గంపల రసాలతో నాగయ్య బండి ఎక్కాను. కాయలదిబ్బ మీద అప్పటికే వెంకటరత్నం మనుషులు నాలుగు గూటాలు పాతి కొబ్బరితాడు కట్టారు. కాయలేరే ఆడవాళ్ళు పని ఆపి ఆ నాలుగు గూటాల మధ్య ఉన్న ఎర్రమట్టిని చూస్తున్నారు. సుబ్బయ్యగారు తన బండి నొగ మీద కూర్చుని నన్ను పిలిచారు.

"ప్లీడరుగారూ, ఈ బావిక్కూడా ఆ చట్టం వర్తిస్తదా?"

"వర్తిస్తుందండి."

"నాకు తెలుసు. మరి పొద్దున చెప్పలేదేం?"

"కాలు తొక్కారండి."

ఆయన నవ్వారు. "తొక్కినోడు తెలివైనోడు. నలుగురి ముందు చట్టం అంటే కాదనాల్సొస్తదండి. రేపు మా తమ్ముళ్ళు అడిగితే, లారీల కోసం వేయించానని చెప్పుకుంటాను. ఇక్కడ ఎవరు తోడుకుంటే నాకేం?"

"మరి చావిడి బావి సంగతి?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "అది మాత్రం అడక్కండి" అని ఎద్దులను అదిలించారు.

కరుణమ్మ నన్ను సాగనంపడానికి అక్కడే ఉంది. ఈ మాటలన్నీ ఆమెకు వినిపించాయో లేదో మొహం చూసి చెప్పలేకపోయాను. బండి కదలబోతుంటే దగ్గరికి వచ్చి, "ఆ చట్టం నంబరూ సెక్షనూ ఒక కార్డు మీద రాసి పంపుతారాండీ?" అంది.

"అలాగే. కాని ఇక్కడ దాంతో పనుండదు. ఇక్కడ ఎవరూ అడ్డురారు."

"ఇక్కడిక్కాదండి" అంది, ఊరి వైపు చూస్తూ. "ఇప్పుడే పంపకండి. నీళ్ళు పడ్డాక."

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గ ఇబ్బందులు లేవు. బస్సు మిట్ట దిగేటప్పుడు ఎవరినీ దించదు. సాయంత్రం రైలుబండికి జనం తక్కువ, కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. పళ్ళు తెచ్చుకునేవారు గంపకు గోనె కుట్టించుకోవాలి. లేకపోతే రైలుపెట్టెలో ఉన్నవారందరితో పరిచయమవుతుంది.

ఎదుటి బెంచీ ఆయన నా రెండో గంపలోని పండు తింటూ, ఏ పనిమీద వెళ్ళారని అడిగాడు. బావి పనిమీద అన్నాను.

"నీళ్ళు పడ్డాయా?"

"ఇంకా తవ్వలేదండి."

ఆయన నా వంక జాలిగా చూసి టెంక కిటికీలోంచి పారేశాడు. మద్రాసులో చట్టం చెయ్యగానే పని అయిపోతుందని నేను చదువుకున్నాను. ఇక్కడ దాన్ని కొంతకాలం పైకి కనబడనివ్వకుండా మొయ్యాలని, మోసేవాళ్ళకు అదెంత బరువో తెలుసునని ఈ రెండు రోజుల్లో చూశాను. కరుణమ్మ అడిగిన సెక్షను నాకు కంఠతా వచ్చు. బెజవాడ చేరేలోగా కార్డు మీద రాసేశాను, చిరునామాతో సహా. నీళ్ళు పడ్డ కబురు రావాలి.