చెమ్మకి వర్తించదు

ఒడిశాలోని బరంపురంలో ఒక ఫర్నిచర్ షోరూంలో ఐదేళ్లు పనిచేశాను. వారంటీకీ ప్రొటెక్షన్ ప్లాన్‌కీ తేడా ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. వారంటీ సరుకుతో పాటే వస్తుంది, అది కంపెనీ తప్పుకి. అతుకు విడినా, కీలు ఊడినా వాళ్లే బాగుచేస్తారు. ప్లాన్‌కి వేరే కట్టాలి, అది మన పొరపాటుకి. టీ ఒలికినా, పిల్లలు గీతలు పెట్టినా చూస్తారు. చెమ్మకి చెక్క ఉబ్బితే మాత్రం రెండూ పనికిరావు. ఈ చివరి మాట అడిగినవాళ్లకే చెప్పాలని మా మేనేజరు మొదటిరోజే నేర్పాడు. నేను ఇట్టే నేర్చుకున్నాను.

తెలుగువాళ్లు వస్తే నన్నే పిలిచేవారు. మాది తరాలుగా ఇక్కడ వ్యాపారం చేసుకున్న కుటుంబం, మాట తియ్యన. ఊళ్లోనే లంజిపల్లి పేటలో ఉండే ఉద్యోగస్తులు మాత్రం నా తియ్యదనానికి లొంగేవారు కాదు. కాగితమంతా చదివి, ప్లాన్ వద్దని వెళ్లిపోయేవారు.

ఒకరోజు సముద్రం ఒడ్డునున్న మార్కండి నుంచి చేపలమ్ముకునే ఒకావిడ వచ్చింది. తుంటి విరిగిన తల్లి నేలమీంచి లేవలేకపోతోంది, మంచం కావాలంది. చెక్కపొట్టు అదిమి చేసిన రకం చూపించాను. పైన మెరుపు, లోపల పొట్టు. ఆవిడ వేళ్లతో తట్టి చూసింది.

"మా ఊరి గాలి ఇనుమునే తినేస్తాది బాబూ. ఈ సెక్క ఉబ్బిపోతే ఏటి సేస్తారు?"

అడిగింది. అడిగితే చెప్పొచ్చు, మేనేజరు కూడా కాదనడు. కానీ నెలాఖరు, నా వంతు ప్లాన్లు ఇంకా అమ్ముడుపోలేదు.

"ప్లాన్ కట్టీయమ్మా, ఇంక నీకు దిగులే ఉండదు," అన్నాను.

కాగితం చేతికిస్తే విప్పనైనా లేదు. "నువ్వు సెప్పినావు కదా, మరి కాగితం ఏల?" అని మడిచి సంచిలో వేసుకుంది. ఒడ్డున చేపల బేరమంతా నోటిమాట మీదే సాగే మనిషి. నాకది తెలుసు, తెలిసే ఆ మాట అన్నాను.

వానాకాలం వెళ్లాక మళ్లీ వచ్చింది. సంచిలోంచి మంచం చెక్క ముక్క తీసి కౌంటరు మీద పెట్టింది. టీలో నానిన బిస్కెట్‌లా ఉంది.

"అమ్మతో సహా కుంగిపోనాది బాబూ. దెబ్బ తగల్నేదు గానీ మళ్లీ సాప మీదే పడుకోబెట్టినాను."

మేనేజరు కాగితం తెరిచి చెమ్మ గురించిన వాక్యం మీద వేలు పెట్టాడు. ఆవిడ కాగితం చూడలేదు, నన్ను చూసింది. చెమ్మకి పాడైనా మారుస్తామని మావాడు చెప్పాడా, చెప్పుంటే వీణ్ణి ఇవాళే పంపించేస్తాను అని మేనేజరు ఒడియాలో గట్టిగా అడిగాడు. నోరు విప్పాల్సింది నేను. విప్పలేదు. ఇప్పటికీ తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం.

ఆవిడ అదే ఒడియాలో, లేదు, చెప్పలేదు అంది. చెక్క ముక్క సంచిలో వేసుకుంటూ నాతో మెల్లగా తెలుగులో అంది.

"నీకూ ఇంటికాడ అమ్మ ఉంటాది కదా బాబూ."

ఆవిడ నిలబెట్టిన ఆ ఉద్యోగం ఇంకో రెండేళ్లు చేశాను. మార్కండి వాళ్లెవరైనా వస్తే గోదాములో పనుందని లోపలికి పోయేవాణ్ణి.