అంచులైపోయిన అంకెలు

శేషం సారుకు ఆ పేరు పెట్టింది పిల్లలే. ఎవరు ఏ భాగహారం చేసి చూపించినా "శేషమెంత?" అని అడగందే ఆయనకు తోచదు. జవాబు రాసి శేషం వదిలేసినవాణ్ణి చూస్తే, చేతులు కడుక్కోకుండా భోజనానికి కూర్చున్నవాణ్ణి చూసినంత రోత ఆయనకు.

రిటైరయ్యే ముందు బడికి ఏదైనా ఇచ్చి పోదామనుకున్నారు. తోటి మాస్టార్లు బీరువా అన్నారు, గోడగడియారం అన్నారు. బీరువా తుప్పు పడుతుంది, గడియారం ఆగిపోతుంది. ఈయనకు ఎన్నాళ్లయినా అబద్ధం కానిది ఒక్కటి కావాలి. అందుకని ఏరికోరి నలభై రెండంకెల ప్రధాన సంఖ్యను పట్టుకున్నారు. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ తెగదది. కంప్యూటర్ల పని చేసే అల్లుడు దాన్ని పరీక్షించి "నిఖార్సయినదే మామయ్యా" అన్నాడు. గుమ్మం పక్కన రాతిపలక. మధ్యలో బడి పేరు, దాని పైన సగం అంకెలు, కింద మిగతా సగం. అట్టడుగున "ఒకటీ తానూ తప్ప ఏ సంఖ్యా దీన్ని భాగించలేదు" అని ఒక వాక్యం.

ఆవిష్కరణ రోజు పొద్దున్నే వెళ్లి గుడ్డ ఎత్తి చూశారు. పైన ఉన్న ఇరవై ఒక్క అంకెలే కిందా ఉన్నాయి. రాళ్లు చెక్కే మేస్త్రీ పక్కనే నిమ్మకు నీరెత్తినట్టు రాతిపొడి ఊడుస్తున్నాడు.

"కింది వరుస ఏదయ్యా?"

"ఇదేనండీ. పై అంచూ కింది అంచూ జోడీగా లేకపోతే పలకకు అందమేముంటుంది? మీ కాగితంలో కింది అంచు తేడాగా ఉంది. పొరపాటున రాశారనుకుని నేనే సరిచేశాను."

సారు మనసులోనే లెక్క వేసేశారు. మూడంకెలు పక్కపక్కనే రెండుసార్లు రాసి చూడండి, 358358 అని. అది శేషం లేకుండా ఏడుతో పోతుంది, పదకొండుతో పోతుంది, పదమూడుతోనూ పోతుంది. ఏ మూడంకెలకైనా అంతే. ఇరవై ఒక్క అంకెలు రెండుసార్లు రాసినా ఆ మూడూ దాన్ని వదలవు. ఏరికోరి తెచ్చిన సంఖ్య కాస్తా దారినపోయే ప్రతిదానికీ లొంగే సరుకైంది. కింద మాత్రం ఏదీ భాగించలేదని డాబు. ఛీ, రాతి మీద అబద్ధం, అదీ ఆయన కానుకగా.

హెడ్మాస్టరు దగ్గరికి పరుగెత్తారు. కనీసం ఆ వాక్యమన్నా సిమెంటుతో పూడ్పించమన్నారు.

"ఇన్ని అంకెలు ఎవరు చదువుతారండీ? రెండు వరుసలూ ఒకేలా ఉండి ఎంత ముచ్చటగా ఉందో చూడండి," అన్నాడాయన టై సర్దుకుంటూ.

సాయంత్రం హాలు కిక్కిరిసింది. ముందు వరుసల్లో అందరూ సారు దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లే. ఇంజనీర్లు, ఆడిటర్లు, ఒక డాక్టరు. హెడ్మాస్టరు మైకు పట్టుకుని, "ఏదీ భాగించలేని ఈ సంఖ్యలాంటిదే మన ఐకమత్యం," అన్నాడు. హాలంతా చప్పట్లు. సారుకు ఒళ్లు మండిపోయింది. లేచి మైకు లాక్కున్నారు.

"అబద్ధం. ఇది ఏడుతో పోతుంది. పదకొండుతో పోతుంది. పదమూడుతో పోతుంది. శేషం సున్నా. పై వరుసా కింది వరుసా ఒకటే, కళ్లున్నవాళ్లు చూసుకోండి."

ఇంకా పెద్దగా చప్పట్లు కొట్టారు. డాక్టరయితే కళ్లు తుడుచుకుంది కూడా. ఇన్నేళ్లు గొంతు చించుకుని పాఠం చెప్పింది వీళ్లకా అని ఆయనకు వాళ్ల మీద రోత పుట్టింది. తరవాత తన మీద పుట్టింది.

హెడ్మాస్టరు చేటంత మొహం చేసుకుని, "సారు వెళ్తూ వెళ్తూ మనకు ఇంకో మూడు సంఖ్యలు ఇచ్చారు. వాటిని కూడా పలక మీద చెక్కిద్దాం," అన్నాడు. మేస్త్రీ అక్కడే తలుపు దగ్గర నిలబడి తలూపాడు.

ఏడు, పదకొండు, పదమూడు, ఆ వాక్యం కిందే. మూడూ నిఖార్సయిన ప్రధాన సంఖ్యలేనని సారుకు తట్టింది. ఆ పలక మీద నిజమంటూ ఉండేది ఇక అవే.

"చెక్కించండి," అన్నారు. మేస్త్రీ వైపు తిరిగి, "ఒక్కసారే చెక్కు నాయనా. జోడీ వద్దు," అని చెప్పి కుర్చీలో కూలబడ్డారు.