మట్టి నాది, మొక్క మందిది

మొన్న మంగళారం పొద్దుగాల మా పక్కింటి టీచరమ్మ దవాఖానల పానం ఇడిసింది. పాలు పోసుకుంట పాలాయిన చెప్పిండు. ఆయన చెప్పకపోతె నాకు చెప్పెటోళ్లు ఎవరున్నరు? ఇంట్ల నేనొక్కన్నే.

పోయినోళ్ల గురించి మంచే రాయాలంటరు. రాస్త. గని ముందుగాల నా పంచాయితి వినుండ్రి. ఏండ్ల సంది ఆమెకు ఎర్రమట్టి తెచ్చిచ్చింది నేను. కౌడిపల్లి తొవ్వల ఉన్న మా చెల్కలకెల్లి సంచులు నింపి, ఆటోల ఏసుకొచ్చి దించేది. పెంటెరువు గూడ నేనే తెచ్చేది. గా మట్టిల ఆమె వానకాలం కొమ్మలు నాటేది. క్రిస్మస్ నాటికి వేర్లు పట్టినయి గల్లీల ఇంటింటికి పంచేది. టైలర్ ఇంటికి గులాబి, కిరాణం ఆయనకు మందారం, నిన్న గాక మొన్న కిరాయికి దిగినోళ్లకు గూడ మల్లె. నా ఇంటికి? గిన్నెల కేకు. మట్టి నాది, మొక్క మందిది. ఇదేం న్యాయం?

మొదటేడు ఒకటిచ్చింది, అబద్ధమెందుకు. గులాబి కొమ్మ, కవర్ల పెట్టి. కొన్నొద్దులకు అది నల్లగయింది. ఆమె గోడ మీదికెల్లి తొంగి చూసింది.

"ఏం చేసిండ్రు పటేలా?"

"ఏం చేస్త? నీళ్లు పెట్టిన."

"ఎన్ని?"

"నిండ పెట్టిన."

"ఇది మీ వరి మడి కాదు. కొమ్మకు ఇంక నోరే రాలే, ఎట్ల తాగుతది?"

"ఎకరాలకెకరాలు నారు పోసినోన్ని. నాకు నీళ్లు పెట్టుడు నేర్పుతున్నవా టీచరమ్మా?" అన్న. పకపక నవ్వింది. గా నవ్వు నాకిప్పటికి మంటనే. వరి నాటినోడు నీళ్లు నిండుగనే పెడ్తడు. అది తప్పెట్లయితది?

ఆమె పనితనం మాత్రం చెప్పాలె. కొమ్మను కింద ఏటవాలుగ, మీద సాఫుగ కోసేది, ఎవ్వరు తలకిందులు పాతొద్దని. నెత్తి మీద పేడ ముద్ద పెట్టేది, తడి ఆరిపోకుండ. మిరప, వంకాయ నారు పగిలిన బకెట్లల్ల పోసి, పాత చీరతోని నీడ కట్టేది. గింజలు చీమలెత్కపోతయని చుట్టు పసుపు గీసేది.

"చర్చికి పోయెటిదానివి, నీకు పసుపు గీతలెందుకు?" అని అడిగిన ఒకపారి.

"చీమలు మీ దిక్కువేమో అని" అన్నది. నేను గూడ నవ్విన. అబద్ధమెందుకు.

కొమ్మకు చిగురొస్తె గల్లీల ఆడోళ్లు మురిసెటోళ్లు. ఆమె మురవకపోయేది. "ఆకు కొమ్మల ఉన్న బలంతోనే వస్తది. కింద వేరు పట్టిందో లేదో మనకు కనపడదు, ఓపిక పట్టాలె" అనేది. పీకి చూస్తె మాత్రం గయ్యిమని లేచేది.

మోకాళ్లు వంగుడు బందయినంక స్టూలేసుకోని కూసునేది. పైపు నేను పట్టేది, మా దిక్కు గోడ మీదికెల్లి. "సన్నగ పటేలా, సన్నగ. వాన లెక్క కాదు, మంచు లెక్క." బొటనవేలు పైపు మూతికి అడ్డం పెట్టి, ఆమె చాలనేదాంక తడిపేది. రోజు సాయంత్రం గిదే పని. ఇంటామె పోయినంక పొద్దంత నన్ను పిలిచే గొంతు గదొక్కటే.

ఈ వానకాలం తెగించి అడిగిన, "అందరికిస్తవు, నాకెందుకియ్యవు?" అని. "ఈ క్రిస్మస్‌కు చెప్త" అన్నది. చెప్పలే. గంతలనే మంచాన పడ్డది. అది మన్నించొచ్చా? మొక్క చేతికొస్తె మల్ల గోడ కాడికి రానేమో అనుకుందా? గట్లయితె నన్నడగాల్సింది. ఇచ్చినా వచ్చెటోన్ని. ఇప్పుడు సాయంత్రమైతె గోడ కాడ నిలబడ్త. అవుతల స్టూలు ఉత్తగ ఉంటది.

ఇగ అసలు సంగతి. టీచరమ్మను మట్టి చేసిన తెల్లారి ఆమె అన్న కొడుకు ఇంటికి తాళమేసిండు. "పెద్దాయనా, సోమవారం జేసీబీ వస్తది. వాకిలంత సాఫ్ చేసి షెడ్డేసి కిరాయికిస్త" అన్నడు.

"గా మొక్కలు?"

"ఏ మొక్కలు? అవి ఉత్త కట్టెలు గదా!"

కట్టెలట! ఈ వానకాలం ఆమె చివరిగ నాటినయి అవి. సగం వాటికి వేర్లు పట్టే యాళ్ల. గోడ మీదికెల్లి నేను పట్టే నీళ్లు ముందు వరుసలకే అందుతయి. మెట్ల కిందియి ఎండుతున్నయి. రోజు చూస్తున్న.

నాకు రాసుడు సరిగ రాదు. కష్టపడి రాసిన. టైలర్ దీన్ని ఫోటో తీసి గల్లీ వాట్సాప్ గ్రూపుల పెడ్తనన్నడు. తాళమేసిన బాబూ, నువ్వు గూడ గా గ్రూపుల ఉన్నవు, సదువు. నీ ఇల్లు నీది, షెడ్డేసుకో, నాకేం పంచాయితి లేదు. గేటు తీసి గా మొక్కల కవర్లు నా వాకిట్ల పెట్టనియ్యి. క్రిస్మస్‌కు ఇంటింటికి నేనే మోసుకపోయి ఇస్త, ఆమె ఇచ్చిందనే చెప్త. గల్లీ వాళ్లు, మీరు గూడ ఊకె దండం బొమ్మలు పెట్టుడు బంద్ చేసి, కవర్లు మొయ్యనీకి ఎవరొస్తరో చెప్పుండ్రి.

నీళ్లందక మెట్ల కింద మట్టి నెర్రెలిచ్చింది. సోమవారం జేసీబీ వస్తది. తాళం తీస్తవా, తియ్యవా? ఆదివారం పొద్దుమీకేలోపు నాకు చెప్పాలె.