రాజేశం సార్ ఫోటో నేను పెట్టను

నిన్న పొద్దున ఫోన్ తెరిస్తే రాజేశం సార్ ముఖం.

ముక్కులో గొట్టం. సగం తెరిచిన నోరు. మాసిన గడ్డం. ఆస్పత్రి మంచం మీద తీసిన ఫోటో. కింద దండం బొమ్మలు.

ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఎవరూ "సార్ పోయిండు" అని చెప్పలేదు.

ఆ ఫోటోయే నాకు కబురు.

కాసేపట్లో అదే ఫోటో మా గ్రూపులన్నిట్లో తిరిగింది. ఒకరు లాల్ సలామ్, ఒకరు ఓం శాంతి. నాకు అందరి మీదా కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పటికీ సరిగ్గా అర్థం కావడం లేదు. అర్థమవుతుందేమోనని రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం: సార్ లా ప్రొఫెసర్. అంతర్జాతీయ చట్టం చెప్పేవారు. వేములవాడలో, తండ్రి పవర్‌లూమ్ నడిపిన ఇంట్లో పుట్టారు. రిటైరయ్యాక మంచిర్యాలలో ఉన్నారు. ప్రపంచంలో ఎక్కడ యుద్ధం మొదలైనా మన దగ్గర మైకు సార్ చేతికి వెళ్ళేది. కరీంనగర్ యూట్యూబ్ చానల్ పిలిచినా, లక్సెట్టిపేటలో పదిమంది కూర్చునే హాలుకు పిలిచినా బస్సెక్కి వచ్చేవారు.

నాతో ఎన్నడూ ఏకీభవించలేదు. నేనూ అంతే.

రెండేళ్ళ కింద, ఎండాకాలం. మంచిర్యాలలో మేమొక యుద్ధ వ్యతిరేక సభ పెట్టాం. ఏ యుద్ధమో రాయను, రాస్తే కామెంట్లన్నీ దాని మీదే నడుస్తాయి. స్టేజీ వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టించాను. డిజైన్ నాదే. దాడికి దిగిన సైన్యంలోని ఒకడు పట్టుబడ్డ ఫోటో. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. ముఖంలో భయం. పైన నా స్లోగన్: "దురహంకారం మోకరిల్లింది!"

సార్ వచ్చారు. ఫ్లెక్సీ చూశారు. కూర్చోలేదు.

"గా మొఖం తీసెయ్ తమ్మీ."

"ఎందుకు సార్? పసిపోరగాండ్ల మీద బాంబులేసిన సైన్యపోడు వాడు!"

"ఔ. గిప్పుడు చేతులు కట్టేసి ఉన్నడు గదా. కట్టేసినోన్ని బజార్ల నిలవెట్టి చూపియ్యొద్దు. జెనీవా ఒప్పందంల గట్లనే రాసుకున్నరు. మన దేశం గూడ ఒప్పుకున్నది."

నాకు మండింది.

"కొట్టెటోడు, దెబ్బలు తినెటోడు మీకు ఒక్కటేనా సార్?"

"ఒక్కటని ఎవలన్నరు? వాళ్ళను నీకంటె ఎక్కువ తిడ్త. గీ మొఖం కింద నిలవడి మాత్రం తిట్ట."

జనం చూస్తున్నారు. నేను కదల్లేదు. సార్ ఎండకు తలకు చుట్టుకొచ్చిన తువాల విప్పారు. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కారు. ఫ్లెక్సీ కట్టెకు తువాల దోపి ఆ ముఖం కప్పేశారు. వెనక ఎవరో "ముసుగేసిండు రా" అని నవ్వారు.

ఆ తువాల కిందే నిలబడి గంటసేపు ఆ సైన్యాన్ని ఉతికి ఆరేశారు. నేను జన్మలో అంత ఘాటుగా మాట్లాడలేదు.

అయినా నేను ఒప్పుకోలేదు. బలవంతుడి ముఖానికీ బలహీనుడి ముఖానికీ ఒకే తువాల కప్పితే అది న్యాయం ఎట్లా అవుతుంది?

ఆ తర్వాత పక్కదేశంతో గొడవ నడుస్తున్న రోజుల్లో ఒక చానల్ డిబేట్‌కు వెళ్ళారు. వాళ్ళు పట్టుబడ్డ శత్రు సైనికుడి వీడియో మళ్ళీ మళ్ళీ తిప్పుతున్నారు. "గది ఆపితేనే మాట్లాడ్త" అన్నారు సార్. ఆపలేదు. మైకు తీసి టేబుల్ మీద పెట్టి లేచి వచ్చారు.

ఇక తిట్లే తిట్లు. దేశద్రోహి అన్నారు. ఆ వారమంతా ఫోన్ మోగుతూనే ఉంది.

డిబేట్ మర్నాడే నేను సార్ ఇంటికి పోయాను. ఓదార్చడానికి కాదు. ఇటు మేమూ, అటు వాళ్ళూ తిడితే ఇంతకీ మీరు ఎవరి మనిషి అని నిలదీయడానికి. నేను నోరు తెరవకముందే వాళ్ళ వీధిలోని మల్లేశం ఊగిపోతూ వచ్చాడు. మిలిటరీలో చేసి వచ్చిన మనిషి.

"సార్, మీరంటె మస్తు ఇజ్జత్ ఉండె. మన జవాన్లను సంపెటోన్ని ఎనకేసుకొస్తరా?"

"కూసో మల్లేశం. నువ్వు బార్డర్ల ఉన్నప్పుడు ఆళ్ళకు దొరికితివనుకో. నిన్ను టీవీల తిప్పి తిప్పి చూపిస్తె మీ అవ్వ ఎట్ల చూడాల్నే? గిప్పుడు మనం చూపిచ్చి, అప్పుడు ఆపుండ్రి అంటె ఆళ్ళు ఇంటరా?"

మల్లేశం చాయ్ తాగాడు.

"నాకైతె సమజ్ కాలే సార్" అని లేచి పోయాడు.

అప్పుడు మల్లేశాన్ని చూసి నవ్వుకున్నాను. నిన్నటి నుంచి నా పరిస్థితీ అదే.

ఆ ఆస్పత్రి ఫోటో పెట్టింది స్వప్న. సార్ దగ్గర చదువుకున్న అమ్మాయి, ఇప్పుడు లాయర్. ఫోన్ చేస్తే ఏడుస్తోంది.

"ఆఖరుసారి అందరు చూసుకుంటరని వెట్టిన అన్నా."

"తియ్యమ్మా."

"ఎందుకు? గా జెనీవా రూల్ ఖైదీలకే గదన్నా. సార్ ఖైదీ గాదు."

సార్ బాగానే చదువు చెప్పారు.

నిజమే, సార్ ఖైదీ కాదు. ఆస్పత్రి మంచం మీది ప్రొఫెసర్ గురించి జెనీవాలో ఎవరూ ఏమీ రాసుకోలేదు. ఫోటో పెట్టింది ప్రేమతోనే. మరి నాకెందుకు ఇంత మంట? సార్ వాదన ఎక్కిందా నాకు? ఎక్కలేదే!

ఫోటో మళ్ళీ చూశాను. రెండు చేతులకూ సూదులు, టేపులు. ఆ చేతులతో ముఖం కప్పుకోలేరు సార్.

అదే చెప్పాను స్వప్నకు. ఫోటో తీసేసింది.

మిగతా గ్రూపుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. మీ ఫోన్లో ఉంటే మీరూ తీసెయ్యండి. ఏ చట్టం ప్రకారం అని అడిగితే కొట్లాడతాను గానీ, చెప్పలేను.

ఈ పోస్టుకు ఫోటో పెట్టడం లేదు. నవ్వుతున్నది ఒకటి ఉంది నా దగ్గర. దాన్ని పెట్టడానికీ చెయ్యి రావడం లేదు. ఇదేం పిచ్చో తెలియదు.

సార్, ఆ ఫ్లెక్సీ విషయంలో మీరే తప్పు. ఇప్పటికీ అదే అంటాను. ఎదురు చెప్పడానికి మీరు లేకపోవడం అన్యాయం.

పోయి రండి సార్. ఏ కెమెరా రాని చోట, తువాల ముఖం మీదేసుకొని నిమ్మళంగా పడుకోండి.