మా టీచరమ్మ తప్పు రాసిన రోజు

పోయిన శుక్రవారం నా చిన్ననాటి స్నేహితురాలు చిత్తూరులో బస్సెక్కి నన్ను వెతుక్కుంటా పలమనేరుకు వచ్చింది. ముందుగా జాబైనా రాయకుండా వచ్చిందంటే ఏదో జరిగిందనుకున్నాను. "టీచరమ్మ లేదు మే. నిన్న పొద్దున మట్టి చేసేసినారు" అనింది. చెప్పులైనా విడవకుండా తిన్నె మీద కూలబడింది.

చిత్తూరు ఆడపిల్లల బడిలో మాకు ఇంగ్లీషు చెప్పినామె. నలగని తెల్లచీర, గొంతు ఎండిపోకుండా బుగ్గన ఒక లవంగం, ఎండ లేకపోయినా చేతిలో నల్లగొడుగు. ఆదివారం చర్చిలో పంచే కాగితంలో అచ్చుతప్పు కనబడితే ప్రార్థన ముగిసేదాకా ఆగలేక పెన్సిలుతో దిద్దేవారు. కోపమొస్తే అరిచేవారు కాదు. "వన్ డజ్ నాట్ గిగుల్ ఇన్ క్లాస్" అనేవారు, తరగతిలో ఎవరైనా సరే ఇకిలించకూడదని. ఎవరి పేరూ ఎత్తకపోయినా తగలాల్సినవాళ్లకు తగిలేది.

ఆ 'వన్' అనే మాట మీద మాకు వారం రోజులు పాఠం జరిగింది. "వన్ అంటే ఎవరైనా. నువ్వూ, నేనూ, వీధిలో పోయే మనిషీ. వన్ అని మొదలుపెడితే వెనక వన్స్ అనే రావల్ల. హిజ్ అని రాస్తివా, అది ఒక మగవాడిదే అయిపోతుంది. ఆడదానికి ఆ వాక్యంలో చోటుండదు" అని మళ్లీ మళ్లీ చెప్పినారు. హిజ్ అని రాసినవాళ్ల కాగితం మీద ఎర్రసిరా గీత వెనకవైపుకు దిగేది.

క్విట్ ఇండియా అన్నందుకు నాయకులందరినీ జైళ్లలో పెట్టిన ఆగస్టు అది. ఒక పొద్దున మా బడి ప్రహరీగోడ మీద, వీధివైపు, బొగ్గుతో రాసిన పెద్ద ఇంగ్లీషు అక్షరాలు కనబడినాయి. 'వన్ మస్ట్ ఫ్రీ హిజ్ కంట్రీ.' ఎవరైనా సరే, తన దేశాన్ని విడిపించుకోవాలని. రాసింది నా పక్కన కూర్చునే ఈ స్నేహితురాలే. వాళ్ల నాయన తాలూకాఫీసులో గుమాస్తా. సంగతి బయటపడితే ఆయన ఉద్యోగమూ దీని చదువూ రెండూ పోతాయి.

ఇన్‌స్పెక్టరు వచ్చేటప్పటికి మాకు ఇంగ్లీషు పాఠమే జరుగుతా ఉంది. ఇద్దరు పోలీసులను వరండాలో నిలబెట్టి, టీచరమ్మను తలుపు దగ్గరికి పిలిచినాడు. మొదటి బెంచీలో ఉన్న మా ఇద్దరికీ ఆయన మాటలు వినబడినాయి.

"గోడ మీద రాసినోళ్లకు ఇంగ్లీషు వచ్చు, గ్రామరు రాదు. వన్స్ ఉండాల్సిన చోట హిజ్ అని ఉండాది. అట్లాంటి వాక్యమొకటి అందరి చేతా రాయించండి. తప్పు రాసిన పిల్లను నాకు సూపించండి, చాలు."

విన్నది కాబట్టి నా స్నేహితురాలు సరిగ్గా రాసి తప్పించుకోవచ్చు. కానీ వెనక బెంచీలో ఎంత చెప్పినా హిజ్ అనే రాసే పిల్లలు ఉన్నారు. వాళ్లలో ఒకరిని పట్టుకుపోతారు. అది దీనికీ తట్టినట్టుంది. లేవబోయింది. లోపలికొచ్చిన టీచరమ్మ చెయ్యి దాని భుజం మీద గట్టిగా పడింది.

"కూర్చో. రాసేదానికి లేచి నిలబడే పనిలేదు."

ఆమె బోర్డు దగ్గరికి పోయి మావైపు తిరిగినారు. "ఈ పాఠం మనమింకా మొదలుపెట్టలేదు గదా. ఒకటి నేను రాసి చూపిస్తాను. మీరూ ఇట్లాంటిదే సొంతంగా రాయండి" అన్నారు. ఆమె నోట అబద్ధం వినడం మాకదే మొదలు. సుద్దముక్క తీసుకుని రాసినారు. 'వన్ మస్ట్ ఒబే హిజ్ పేరెంట్స్.'

ఎవరైనా సరే, తన అమ్మానాయనల మాట వినాలని. "టీచర్" అని వెనకనుంచి ఒక చెయ్యి లేచింది. ఎప్పుడూ మొదటి మార్కులు తెచ్చుకునే పిల్ల. తప్పు కనబడితే ఊరుకునే రకం కాదు. వరండాలో పోలీసులతో మాట్లాడతా ఉన్న ఇన్‌స్పెక్టరు అటు తిరిగినాడు. టీచరమ్మ ఆ పిల్ల ముఖంలోకే చూస్తా నిలబడినారు. ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"సిరా అయిపోయింది టీచర్" అనింది ఆ పిల్ల.

కాగితాలన్నీ ఇన్‌స్పెక్టరు చేతికి పోయినాయి. ఒకటి చూసినాడు, ఇంకొకటి చూసినాడు, గబగబా అన్నీ తిరగేసినాడు. ప్రతిదాంట్లోనూ హిజ్. అప్పుడు బోర్డువైపు చూసి కాగితాలు బల్ల మీదికి విసిరేసినాడు.

"మీరే తప్పు నేర్పిస్తా ఉంటే పిల్లోళ్లు ఇంకేం రాస్తారు? ఎవురమ్మా మీకు ఈ ఉద్యోగమిచ్చింది?"

"నాకు తెలిసింది అంతే సార్."

ఆయన సుద్దముక్క అందుకుని హిజ్‌ను కొట్టేసి, పైన వన్స్ అని రాసినాడు. "ఇప్పుడైనా తెలుసుకోండి" అన్నాడు. మా అందరి ముందర టీచరమ్మ తలొంచుకుని "థాంక్యూ సార్" అన్నారు.

ఆ మాట బడి పెద్దల దాకా పోయింది. పై తరగతులకు పనికిరారని ఆమెను ఏబీసీడీలు నేర్చే చిన్నపిల్లలకు వేసినారు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. అట్లా వేసిన రోజు సాయంత్రం మేమిద్దరం టీచరమ్మ ఇంటికి పోయినాం. నా స్నేహితురాలు వెక్కివెక్కి ఏడుస్తా అంతా చెప్పేసింది. ఆమె చేటలో బియ్యం ఏరతా విన్నారు.

"నీ చేతిరాత నాకు తెలీదా? గోడ మీద ఎందుకు రాస్తివని నేనడగను. హిజ్ అని ఎందుకు రాస్తివి?" అన్నారు. "అంత పెద్ద గోడ దొరికితే, దాంట్లో నీకు చోటు పెట్టుకోలేకపోయినావే!"

ఆమె గొంతు పెంచగా మేం విన్నది ఆ ఒక్కసారే.

ఆమె బతికి ఉన్నన్నాళ్లూ ఈ సంగతి చెప్పనియ్యలేదు. ఇప్పుడు చెప్తే ఎవరికీ చేటు లేదు. పలమనేరులో నేనూ పిల్లలకు ఇంగ్లీషే చెప్తా ఉన్నాను. నాకొచ్చిన ఆ కాస్త ఇంగ్లీషూ ఆమె పెట్టిన భిక్షే.

మా బడి చదువు ముగిసేదాకా, పై తరగతికి మెట్లెక్కేటప్పుడల్లా కింది వరండాలో ఆమె మాకు కనబడేవారు. ఎవరో చిన్నపిల్ల పలక మీదికి వంగి, ఆ బుల్లి వేళ్లను తన వేళ్లతో పట్టుకుని అక్షరం దిద్దిస్తా ఉండేవారు. మేం నమస్కారం పెట్టినా తలెత్తేవారు కాదు. 'బి' పొట్ట గుండ్రంగా వచ్చేదాకా ఆ పిల్ల చెయ్యి వదిలేవారు కాదు.