కొండపల్లి ఇంటి స్పీడు

మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఒక కాంట్రాక్టు లెక్చరర్ ఉండేది. ఎవరైనా ఇంట్లో నెట్ స్పీడు గురించి గొప్పలు పోతే తల పక్కకి వంచి, "వచ్చేది సరేనండీ, పోయేది ఎంత?" అనేది. ఫిజిక్సు చెప్పే నన్నూ వదల్లేదు.

మా కాలేజీ సొంతంగా ఒక క్రిప్టో కాయిన్, అంటే కంప్యూటర్లలోనే చెలామణీ అయ్యే డబ్బు, తేవాలనుకుంది. అలాంటి నెట్‌వర్క్‌లో పెత్తనం చేసే పెద్ద కంప్యూటరంటూ ఉండదు. అందులో చేరిన ప్రతి ఇంటి కంప్యూటరూ తనకొచ్చిన సమాచారాన్ని పక్కవాళ్లకి పంపాలి. ఆ పంపే శక్తి, అంటే అప్‌లోడ్ స్పీడు, కొలవడానికి ఆవిడ పటమట నుంచి కొండపల్లి దాకా బస్సుల్లో తిరిగింది. కొండపల్లిలో బొమ్మలు చేసే ఒకాయన ఇంట్లో లైను నత్తనడక నడిచింది.

కాయిన్ ప్రారంభానికి ఆవిడ కొలతల రిపోర్టు కావాలి. నా ఎదుటే ప్రిన్సిపాల్ అన్నారు: "ఆ ఒక్క ఇల్లూ తీసెయ్యమ్మా, సగటు బ్రహ్మాండంగా వస్తుంది."

"తీసేస్తే ఆయన నెట్‌వర్క్‌లోనే ఉండడండీ. అప్పుడది మీది, అందరిదీ కాదు."

"నిన్ను పర్మినెంటు చేసే ఫైలు నా బల్ల మీదుంది."

"దాని పక్కనే నా రిపోర్టూ పెట్టుకోండి."

ఆవిడ ఉద్యోగం పోయింది. వెళ్తూ వెళ్తూ రిపోర్టును నోటీసు బోర్డుకి అంటించింది, కొండపల్లి ఇల్లు మొదటి వరుసలో. మధ్యాహ్నానికి చింపేశారు. నేను ఇంకో కాపీ అంటించి, కింద సంతకం పెట్టాను. నాది పర్మినెంటు ఉద్యోగం. ఈసారి చింపమనండి, చూద్దాం.