జాబితాలో లేని మిషను

నాగలత మా ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు పనిచేసింది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఉన్న సిమెంటు ఫ్యాక్టరీల్లో మాది చిన్నది. పేరు చెప్పను, నేనింకా అక్కడే జీతం తీసుకుంటున్నాను. ఆమెది కంప్యూటర్ల విభాగం. విభాగమంటే నలుగురైదుగురు ఉంటారనుకునేరు, ఆమె ఒక్కతే. నేను డిస్పాచ్‌లో గుమస్తాను. గేటు దగ్గరికి వచ్చిన లారీకి టోకెన్ ఇచ్చి, ఖాళీ బండిని తూచి, బస్తాలు ఎత్తించి, మళ్లీ తూచి, చీటీ చేతికిచ్చి పంపడం మా పని.

ఆమె సొంతూరు బేతంచెర్ల. అక్కడ నాపరాళ్లకు పాలిష్ పట్టే చోట ముప్పై ఏళ్లు పనిచేసిన తండ్రి, ఆమె కర్నూలులో ఎంసీఏ చదువుతుండగానే ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. తల్లి భీమమ్మను వెంటబెట్టుకుని వచ్చి ఎర్రగుంట్లలో రెండు గదుల ఇంట్లో అద్దెకు ఉండేది. ఆమెను ఉద్యోగంలోకి తీసుకున్నది కంపెనీ కాదు, మనుషులను సరఫరా చేసే ఒక ఏజెన్సీ. ఏటా ఏప్రిల్‌లో కొత్త కాగితం మీద సంతకం పెట్టేది. పన్నెండు సార్లు పెట్టింది.

సర్వర్లున్న గదిలోనే ఆమె కుర్చీ. ఫ్యాక్టరీ మొత్తానికి పొద్దస్తమానం చల్లగా ఉండే గది అదొక్కటే. మే నెలలో మేమంతా చెమటలు కక్కుతుంటే ఆమె బూడిదరంగు స్వెట్టర్ వేసుకుని అన్నం తినేది. ఏదో ఒక వంక పెట్టుకుని వెళ్లి ఐదు నిమిషాలు అక్కడ నిలబడి వచ్చేవాళ్లం. ఆమె పొమ్మనేది కాదు. పెద్దగా మాట్లాడేదీ కాదు. తల తిప్పకుండానే, "తలుపు సరిగ్గా వెయ్యి పరమేషా, సల్లదనం పోతాది" అనేది.

ఆ గదిలో పన్నెండు మిషన్లుండేవి. లారీల టోకెన్లు, కాటా లెక్కలు అన్నీ నడిపేది అందులో ఒకటి. 2014లో చెన్నై నుంచి ఒక చిన్న కంపెనీ దాన్ని తెచ్చి బిగించింది. కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో చాలా రకాలుంటాయట; వాళ్లు అందులో అందరికీ తెలిసిన ఒక రకం తీసుకుని, మా కాటాకు సరిపోయేలా లోపల ఏవేవో మార్చి, దానికి తమ సొంత పేరు పెట్టుకున్నారు. నాలుగేళ్లకు ఆ కంపెనీ మూతపడింది. వాళ్ల నంబరుకు చేస్తే ఇప్పుడు ఎవరో టైలర్ ఎత్తుతాడు. 2019లో ఒకసారి కరెంటు పోయి ఆ మిషను ఆగిపోతే, మళ్లీ లేవడానికి తొమ్మిది గంటలు పట్టింది. ముద్దనూరు రోడ్డు మీద లారీలు రెండు కిలోమీటర్లు నిలిచాయి. ఆ రోజు నుంచి ఎవరూ రాయకపోయినా ఒక నియమం ఏర్పడింది: ఆ మిషనును ఆపకూడదు.

కంప్యూటర్ అడుగున, మిగతా అన్నింటినీ మోసే భాగాన్ని కెర్నల్ అంటారని నాకు ఆమే చెప్పింది. అందులో అప్పుడప్పుడు కన్నాలు బయటపడతాయట. ఆ కన్నాల గుండా బయటివాళ్లు లోపలికి వస్తారు. కన్నం పూడ్చాలంటే ప్యాచ్ వేయాలి, ప్యాచ్ వేస్తే మామూలుగా మిషనును ఆపి మళ్లీ లేపాలి. ఆపకుండా, నడుస్తుండగానే ప్యాచ్ వేసే సర్వీసు ఒకటి ఉంటుంది. 2023లో మా హైదరాబాదు ఆఫీసు ఆ సర్వీసు కొని అన్ని ఫ్యాక్టరీలకూ ఇచ్చింది. ఏ మిషనుకు ప్యాచ్‌లు సరిగ్గా ఉన్నాయో హైదరాబాదులో కూర్చుని చూడవచ్చు. బాగుంటే పచ్చ, లేకుంటే ఎరుపు.

నాగలత ఒక్క రోజులో పదకొండు మిషన్లకు దాన్ని ఎక్కించింది. పన్నెండోది, టోకెన్ల మిషను, ఎరుపులోనే ఉండిపోయింది.

మొదట ఆమె తప్పు తనదేననుకుంది. బయటి నెట్‌వర్కుకు దారి మూసి ఉందేమోనని వారం రోజులు చూసింది. దారి తెరిచే ఉంది. మిషనులో గడియారం పదకొండు నిమిషాలు వెనక ఉందని కనిపెట్టి సరిచేసింది. ఎదుటి మిషనును నమ్మడానికి వాడే పాత సర్టిఫికెట్లు తీసి కొత్తవి పెట్టింది. ప్రతిసారీ ఇదే అయి ఉంటుందని అనుకునేది, ప్రతిసారీ తెర మీద అదే ఎర్ర గుర్తు. చివరకు ఆ సర్వీసు తనలో తాను రాసుకునే చిట్టాను మొదటి నుంచి చివరిదాకా చదివితే అసలు సంగతి ఒక్క వాక్యంలో ఉంది. ఈ డిస్ట్రిబ్యూషన్‌కు మా సపోర్టు లేదు. డిస్ట్రిబ్యూషన్ అంటే లైనక్స్‌లో ఒక రకం.

సర్వీసు వాళ్లకు రాసింది. తాము సపోర్టు ఇచ్చే లైనక్సుల జాబితా పంపారు. మూడు పేజీలు. అందులో మా చెన్నై కంపెనీ పెట్టుకున్న పేరు ఎందుకుంటుంది? ఆమె మళ్లీ రాసింది, మళ్లీ అదే జాబితా వచ్చింది. ఆ పేరు ప్రపంచంలో మన ఫ్యాక్టరీలో తప్ప ఇంకెక్కడా ఉండకపోవచ్చని ఆమె అన్నప్పుడు నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఇక మిగిలింది ఒకటే దారి, టోకెన్ల పనిని కొత్త మిషనుకు మార్చడం. అందుకు రెండు రోజులు డిస్పాచ్ ఆపాలని ఆమె అర్జీ పెట్టింది. దానికి మా విభాగం జవాబివ్వాలి. రెండు రోజులు కాదు, రెండు గంటలు కూడా వీలుకాదని రాసిన ఆ జవాబు నా చేత్తో టైపు చేసిందే. సంతకం మా పెద్దాయనది. అది తీసుకుని నేనే ఆమె గదికి వెళ్లాను. చదివి మడిచి పక్కన పెట్టి, అన్నం తిన్నావా అని అడిగింది.

తర్వాత ఆమె ఇంకొక పని చేసింది. మిషను తన పేరు ఏమిటో చెప్పుకునే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. సర్వీసు మొదట చదివేది దాన్నే. ఆ ఫైలులో చెన్నై వాళ్ల పేరు తీసేసి, జాబితాలో ఉన్న అసలు లైనక్స్ పేరు రాసింది. ఆ తర్వాత ఎక్కడ ఆగిపోతుందో చూద్దామని మాత్రమే. సర్వీసు ఒప్పుకుంది. మిషను హైదరాబాదు తెర మీద పచ్చగా మారింది.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆమె అవినాష్ సారు దగ్గరికి వెళ్లింది. ఆయన మా అడ్మిన్ మేనేజర్, జమ్మలమడుగు వైపు భూములున్న కుటుంబం. లారీల లిస్టు మీద సంతకం కోసం నేను అప్పటికే ఆయన బల్ల ముందు నిలబడి ఉన్నాను.

"సార్, ఆ పచ్చ గుర్తు నిజం కాదు" అంది ఆమె. "పేరు మార్చినా గాబట్టి లోపలికి రానిచ్చింది. మన కెర్నల్‌కు సరిపోయే ప్యాచ్ వాళ్లకాడ ఒక్కటీ లేదు. వేసేకి ఏమీ లేదు గాబట్టి అంతా బాగుండాదని చూపిస్తాంది. నేను పాత పేరే మళ్లా పెట్టేస్తా."

ఎర్రగా ఉన్నన్నాళ్లూ హైదరాబాదు నుంచి రోజూ ఫోన్లు వచ్చేవని, ఆ పొద్దే మొదటిసారి రాలేదని అవినాష్ సారు చెప్పాడు. వచ్చే నెల ఆడిట్ ఉందన్నాడు.

"పచ్చగా ఉండాది గదమ్మా. అట్లే ఉండనీ. దాన్ని ముట్టుకోవద్దు."

అయితే ఈ సంగతి మెయిల్‌లో రాసి పెడతానని ఆమె అంది. ఆయన చేయి అడ్డంగా ఊపాడు.

"మెయిల్ ఎందుకు? నాకు చెప్పినావు గదా. పరమేష్ కూడా విన్నాడు."

ఆమె నా వైపు చూసింది. నేను తలూపాను. ఆయన నా లిస్టు మీద సంతకం పెట్టాడు.

ఆడిట్ బాగా జరిగింది. తర్వాత ఆమె రెండుసార్లు గుర్తు చేసింది, రెండుసార్లూ చూద్దామన్నారు. ఆమె సొంతంగా ఇంకా వెతుకుతూనే ఉండేది. ఆ కెర్నల్‌ను చెన్నై వాళ్లు ఎలా మార్చారో తెలిస్తే ప్యాచ్ తానే కట్టుకోవచ్చునట. అది తెలిసిన వాళ్ల కోసం ఎవరెవరికో రాసింది. ఆ కంపెనీలో పనిచేసిన ఒకాయన మాత్రం జవాబిచ్చాడు, తనకేమీ గుర్తులేదని.

2024 జూన్‌లో ఒక మంగళవారం ఉదయం పది గంటలప్పుడు నా ముందున్న తెర నల్లబడింది. దాని మీద ఇంగ్లీషులో నాలుగు లైన్లు వచ్చాయి. మీ ఫైళ్లన్నీ మేం తాళం వేశాం, కావాలంటే ఫలానా చోట మమ్మల్ని కలవండి అని. కాటా ఆగిపోయింది. టోకెన్లు ఆగిపోయాయి. నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి నాగలత ఆ మిషను వెనక వంగి నెట్‌వర్కు తీగలు పీకేస్తోంది. మూడు రోజులు లారీలు కదల్లేదు. డ్రైవర్లు బండ్ల కిందే వండుకున్నారు. ఆ మూడు రోజులూ ఆమె ఇంటికి స్నానానికి మాత్రమే వెళ్లి వచ్చింది. నాలుగో రోజు ఆ మిషను మళ్లీ లేచింది కానీ, దాచిపెట్టిన నకళ్ల నుంచి తిరిగి వచ్చినవి నిరుటి వివరాలు మాత్రమే.

శుక్రవారం హైదరాబాదు నుంచి ఇద్దరు వచ్చి విచారణ పెట్టారు. ఆ మిషనులో పూడ్చని కన్నం గుండానే బయటివాళ్లు వచ్చారని తేల్చి, పేరు ఫైలు మార్చింది ఎవరని అడిగారు. నేనేనని ఆమె వెంటనే చెప్పింది. అవినాష్ సారు తనకు ఎవరూ ఏమీ చెప్పలేదన్నాడు. ఆమె నా పేరు చెబితే నన్ను పిలిచారు.

నన్ను పర్మనెంట్ చేసే కాగితం అప్పటికి రెండు నెలలుగా అవినాష్ సారు దగ్గర ఉంది. దాన్ని ఆయన ఒక్కసారి కూడా నాకు గుర్తు చేయలేదు. చేయవలసిన అవసరమూ లేదు.

"ఈమె మీ ముందే చెప్పిందట, నిజమేనా?" అని అడిగారు.

"ఆ పొద్దు బండ్ల రద్దీ సార్. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు గుర్తులేదు" అన్నాను.

నాగలత నా వైపు చూడలేదు. బల్ల మీదున్న నీళ్ల గ్లాసును చూస్తూ కూర్చుంది. ఇంకేమైనా చెప్పుకోవాలా అని వాళ్లడిగితే లేదంది. సోమవారం నుంచి రావద్దని ఏజెన్సీ వాళ్లు ఫోన్లో చెప్పారట. కుర్చీకి వేలాడుతున్న స్వెట్టర్ తీసుకోవడానికి కూడా ఆమె రాలేదు. వారం తిరక్కుండా కొత్త మిషను వచ్చింది. దాన్ని బిగించడానికి డిస్పాచ్ రెండు రోజులు ఆపారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆగస్టులో నేను పర్మనెంట్ అయ్యాను.

అక్టోబరులో నంద్యాల మీదుగా బేతంచెర్ల వెళ్లాను. ఆమె ఒక పాలిష్ ఫ్యాక్టరీ ముందు రేకుల గదిలో, రాళ్లెత్తిన లారీలకు చీటీలు రాస్తోంది. లోపల కోత మిషన్ల మోత, గదిలో బల్ల మీద, పుస్తకాల మీద, ఆమె కనుబొమల మీద తెల్లటి దుమ్ము. నన్ను చూసి ముక్కుకు కట్టుకున్న చున్నీ కిందికి లాగి, కూర్చోమంది. అమ్మ బాగుందంది. టీ తెప్పించింది.

దారి పొడుగునా అనుకుంటూ వెళ్లిన మాటలు చెప్పాను. అబద్ధం ఆడినానక్కా అన్నాను. ఆమె వింటూ ఒక చీటీ రాయడం పూర్తి చేసింది.

"నువ్వు నిజం చెప్పినా నన్ను తీసేసేవాళ్లేలే. పేరు మార్చింది నేనే గదా" అంది. రాసిన చీటీ చింపుతూ, "నా తప్పు ఏదన్నా ఉంటే దిద్దుకుందామని ఏడాది వెతికినా పరమేషా. గడియారం అనుకున్యా, దారి అనుకున్యా. దానికి ప్యాచ్ ఎవరూ రాయనే లేదు. లేని దాని కోసం వెతికినా" అంది.

నేను తల వంచుకుని టీ తాగాను. కొత్త మిషనులో వేసిన లైనక్స్‌కు సపోర్టు ఏ సంవత్సరం దాకా ఉందని ఆమె అడిగింది. నాకు తెలియదన్నాను. కనుక్కోమంది. దానికీ ఒక గడువు ఉంటుందని, అది రాకముందే మార్చాలని, ఎవరికైనా కాగితం మీద రాసి ఇమ్మని చెప్పింది. సరేనన్నాను. బయట లారీ వాడు హారన్ కొట్టడంతో చున్నీ మళ్లీ ముక్కుకు కట్టుకుని చీటీ పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆమె గదిలో ఎవరూ కూర్చోరు. కడప నుంచి ఒకతను పదిహేను రోజులకోసారి వచ్చి చూసి పోతాడు. గడువు సంగతి నేను అతణ్ణి అడగలేదు. ఎవరికీ రాసి ఇవ్వలేదు.